ఆయుధ నియంత్రణ నిపుణులు ఎలా తయారవుతారు? శాఖల మధ్య సిబ్బంది మార్పిడి ఎందుకు కీలకం?

అమెరికా, రష్యాల మధ్య మిగిలిన చివరి వ్యూహాత్మక అణ్వాయుధ ఒప్పందం ‘న్యూ స్టార్ట్’ గడువు 2026 ఫిబ్రవరి 5తో ముగిసింది. 2010 ఏప్రిల్ 8న ప్రాగ్ నగరంలో సంతకాలు జరిగిన ఈ ఒప్పందం ప్రకారం, ఒక్కో దేశం మోహరించే అణు వార్‌హెడ్లు 1,550కి, వాటిని మోసుకెళ్లే క్షిపణులు, బాంబర్లు 700కి మించరాదు. ఏడాదికి 18 వరకు క్షేత్ర తనిఖీలకు కూడా అది వీలు కల్పించింది. కొవిడ్ కారణంగా 2020 మార్చిలో ఆగిన ఆ తనిఖీలు తిరిగి మొదలుకాలేదు. 2023 ఫిబ్రవరిలో రష్యా ఒప్పందంలో తన భాగస్వామ్యాన్ని నిలిపివేసింది.

ఒప్పందం గడువు ముగియడం పత్రికల్లో పతాక శీర్షిక అయింది. దానితో పాటు జరుగుతున్న మరో నష్టం అంతగా చర్చకు రాలేదు. ఈ ఒప్పందం కింద ఎదుటి దేశపు క్షిపణి స్థావరంలో అడుగుపెట్టి, అక్కడి వార్‌హెడ్లను లెక్కించిన అధికారులకు ఆ పని చేతికి అంది ఆరేళ్లు దాటింది. వారిలో కొందరు పదవీ విరమణ చేస్తారు, మరికొందరు వేరే బాధ్యతల్లోకి వెళతారు. రేపు కొత్త ఒప్పందం కుదిరినా, దానిని రాయడానికి, అమలు చేయడానికి, ఎదుటి పక్షం మాట నిలబెట్టుకుంటున్నదో లేదో తేల్చడానికి తగిన మనుషులు ఉండాలి. ఆ మనుషులను ఏ ఒక్క ప్రభుత్వ శాఖా ఒంటరిగా తయారు చేయలేదన్నది గత ఆరు దశాబ్దాల అనుభవం.

ఒక పదం, నాలుగు విద్యలు

ఆయుధ నియంత్రణ అనగానే బల్లకు ఇరువైపులా కూర్చున్న దౌత్యవేత్తలు గుర్తుకు వస్తారు. వాస్తవంలో వారి చేతిలోని ప్రతి వాక్యం వెనుక వేర్వేరు విద్యల వారు ఉంటారు. న్యూ స్టార్ట్‌లోని ఒక లెక్కనే తీసుకుందాం. ఒక భారీ బాంబర్ విమానం ఎన్ని అణ్వాయుధాలను మోయగలిగినా, దానిని ఒక వార్‌హెడ్‌గానే లెక్కించాలని ఆ ఒప్పందం నిర్ణయించింది. ఈ నియమం చదవడానికి సులువే. విమానంలో ఎన్ని ఆయుధాలు పడతాయో వైమానిక దళానికి తెలుస్తుంది. ఆ విమానానికి అణు సామర్థ్యం ఉందో, తొలగించారో కనిపెట్టడం ఇంజనీరు పని. ఆ నియమాన్ని సందు లేకుండా రాయడం న్యాయ నిపుణుడి బాధ్యత. ప్రతిగా ఏమి అడగాలో, దేనిని వదులుకోవాలో తూచవలసినవాడు దౌత్యవేత్త.

ఈ నలుగురూ ఒకే గదిలో కూర్చుంటే సరిపోదు. ఒకరి పరిభాష మరొకరికి అర్థం కావాలి. శాస్త్రవేత్త ‘కొలవలేము’ అన్నప్పుడు అది నేటి పరికరాల పరిమితా, ప్రకృతి నియమమా అని దౌత్యవేత్తకు తెలియాలి. దౌత్యవేత్త ‘ఇది రాయలేము’ అన్నప్పుడు అది మొండితనం కాదని, తమ దేశంపైనా అదే నియమం వర్తిస్తుందన్న జాగ్రత్త అని శాస్త్రవేత్తకు అర్థం కావాలి. ఇటువంటి అవగాహన నివేదికలు చదివితే వచ్చేది కాదు. ఎదుటి శాఖలో కొంతకాలం పని చేస్తేనే వస్తుంది. సిబ్బంది మార్పిడి అనే ఆలోచనకు మూలం ఇదే.

గోడలు కట్టుకున్న బృందం

వ్యూహాత్మక ఆయుధాల పరిమితిపై ‘సాల్ట్’ చర్చలు 1969 నవంబరు 17న హెల్సింకీలో మొదలయ్యాయి. అమెరికా బృందానికి ఆయుధ నియంత్రణ, నిరాయుధీకరణ సంస్థ డైరెక్టర్ జెరార్డ్ స్మిత్ నాయకత్వం వహించారు. రక్షణ శాఖ తరఫున పాల్ నిట్జ్, సైనిక దళాధిపతుల తరఫున లెఫ్టినెంట్ జనరల్ రాయల్ ఆలిసన్, శాస్త్రవేత్తగా హెరాల్డ్ బ్రౌన్ ఆ బృందంలో ఉన్నారు. వీరి మధ్య అభిప్రాయ భేదాలు తక్కువేమీ కాదు. అయినా సోవియట్ ఆయుధాల గురించి తమ దేశానికి తెలిసిన సమాచారం అందరి ముందూ ఉండేది.

సోవియట్ బృందంలో పరిస్థితి అందుకు భిన్నం. ఆ బృందంలోని జనరల్ నికొలాయ్ ఒగార్కోవ్ ఒక సందర్భంలో అమెరికా ప్రతినిధిని పక్కకు పిలిచి, సోవియట్ ఆయుధాల వివరాలను తమ పౌర సహచరుల ఎదుట ప్రస్తావించవలసిన అవసరం లేదని సూచించినట్లు ఆ చర్చల చరిత్రకారులు నమోదు చేశారు. తమ దేశపు క్షిపణుల గురించి తమ దౌత్యవేత్తలకు తెలియని సంగతులు ఎదుటి పక్షానికి తెలుసు. ఒకే ప్రభుత్వంలోని రెండు శాఖల మధ్య గోడ ఎంత ఎత్తుగా ఉండగలదో చెప్పడానికి ఈ ఉదంతాన్ని ఇప్పటికీ ఉదహరిస్తారు.

అమెరికాలో ఆ గోడలను తగ్గించడానికే ఒక ప్రత్యేక సంస్థ ఏర్పడింది. అధ్యక్షుడు కెనెడీ హయాంలో, 1961 సెప్టెంబరులో చట్టం ద్వారా ఆయుధ నియంత్రణ, నిరాయుధీకరణ సంస్థ ఉనికిలోకి వచ్చింది. దౌత్యవేత్తలు, సైనికాధికారులు, భౌతిక శాస్త్రవేత్తలు, న్యాయవాదులు ఒకే కప్పు కింద పనిచేసే ఏర్పాటు అది. 1987 నాటి మధ్యశ్రేణి క్షిపణుల ఒప్పందం అమలుకు 1988 జనవరిలో ప్రత్యేకంగా క్షేత్ర తనిఖీ సంస్థను నెలకొల్పారు. ఆ ఒప్పందం కింద ఇరు దేశాలూ కలిపి 2,692 క్షిపణులను ధ్వంసం చేశాయి. ఆ పని కళ్లారా చూసి ధ్రువీకరించిన వారంతా వేర్వేరు విభాగాల నుంచి వచ్చినవారే.

ప్రచ్ఛన్న యుద్ధం ముగిసిన తరువాత ఈ ఏర్పాటు ఖరీదైనదిగా కనిపించింది. క్షేత్ర తనిఖీ సంస్థను 1998లో రక్షణ శాఖలోని మరో విభాగంలో కలిపారు. 1999 ఏప్రిల్ 1న ఆయుధ నియంత్రణ సంస్థ విదేశాంగ శాఖలో విలీనమైంది. పని ఆగలేదు గానీ, ఆ రంగానికంటూ ఒక సొంత ఇల్లు లేకుండా పోయింది. నిపుణులను పెంచుకునే బాధ్యత ఎవరిదన్న ప్రశ్న అప్పటి నుంచి అక్కడ వినబడుతూనే ఉంది. సొంత సంస్థ లేనప్పుడు, ఉన్న శాఖల మధ్యనే అధికారులను తిప్పి అనుభవం కూడబెట్టాలన్న వాదన ఈ నేపథ్యంలోనే బలపడింది.

పదోన్నతితో ముడిపడితేనే

శాఖల మధ్య మార్పిడి మంచిదని అందరూ అంటారు. ఎవరూ వెళ్లడానికి ఇష్టపడరు. కారణం స్పష్టం. పదోన్నతి సొంత శాఖలోని పై అధికారి చేతిలో ఉంటుంది. మూడేళ్లు పరాయి శాఖలో పనిచేసి తిరిగి వచ్చిన వ్యక్తి, కళ్ల ముందున్న సహోద్యోగి కంటే వెనుకబడిపోతాడు. శాఖలు కూడా తమ చురుకైన అధికారులను అట్టే పెట్టుకుని, లేకపోయినా ఫరవాలేదనుకున్న వారిని పంపడం సహజం.

అమెరికా సైన్యంలో ఈ చిక్కుకు 1986లో ఒక పరిష్కారం దొరికింది. గోల్డ్‌వాటర్–నికోల్స్ చట్టం ప్రకారం జనరల్ లేదా అడ్మిరల్ స్థాయికి ఎదగాలంటే, త్రివిధ దళాల ఉమ్మడి విధుల్లో పనిచేసిన అనుభవం ఉండాలి. పరాయి విభాగంలో పని అంతవరకు వనవాసంలా కనిపించేది. ఈ చట్టం తరువాత అదే పదోన్నతికి మెట్టు అయింది. తరువాతి కాలంలో అక్కడి నిఘా సంస్థలు కూడా పౌర సిబ్బందికి ఇదే సూత్రాన్ని వర్తింపజేశాయి. ఆయుధ నియంత్రణ రంగంలోనూ ఇటువంటి నియమం ఉండాలన్నది మార్పిడిని సమర్థించేవారి వాదన.

సరైన సమయంలో సరైన విద్య ఉన్న మనిషి ఉంటే ఏమి జరుగుతుందో 2015లో ఇరాన్ అణు చర్చలు చూపించాయి. అమెరికా తరఫున ఇంధన మంత్రి ఎర్నెస్ట్ మోనిజ్, ఇరాన్ తరఫున అణుశక్తి సంస్థ అధిపతి అలీ అక్బర్ సలేహీ సాంకేతిక అంశాలను పరిష్కరించారు. మోనిజ్ మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఆచార్యుడైన అణు భౌతిక శాస్త్రవేత్త. సలేహీ అదే సంస్థలో అణు ఇంజనీరింగ్‌లో డాక్టరేట్ పొందినవారు. యురేనియం శుద్ధి 3.67 శాతానికి, నిల్వలు 300 కిలోలకు మించరాదన్న పరిమితులతో ఆ ఏడాది జులై 14న వియన్నాలో ఒప్పందం ఖరారైంది. ఆ ఒప్పందం తరువాత రాజకీయ కారణాలతో కుప్పకూలింది. కానీ అంకెల వద్ద చర్చలు ఆగిపోకుండా ముందుకు సాగడంలో వారిద్దరి విద్యకు పాత్ర ఉంది.

భారత్ అనుభవం ఏమి చెబుతోంది?

మన దేశంలో ఆయుధ నియంత్రణకు సంబంధించిన జ్ఞానం అనేక చోట్ల పంచబడి ఉంది. చర్చల బాధ్యత విదేశాంగ శాఖలోని నిరాయుధీకరణ, అంతర్జాతీయ భద్రతా వ్యవహారాల విభాగానిది. అణు విషయ పరిజ్ఞానం అణుశక్తి శాఖ వద్ద, క్షిపణులు, రక్షణ సాంకేతికతల పరిజ్ఞానం డీఆర్‌డీవో వద్ద ఉంటాయి. రసాయన ఆయుధాల ఒప్పందం అమలును కేబినెట్ సచివాలయం పరిధిలోని జాతీయ ప్రాధికార సంస్థ చూస్తుంది. ఎగుమతుల అనుమతులు విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్‌వి. ఓడరేవులో పెట్టె తెరిచి చూసేది కస్టమ్స్ అధికారి.

ఈ శాఖలు కలిసి పనిచేసిన సందర్భాలు మన దౌత్య చరిత్రలో గుర్తుండిపోయినవే. 1994 నుంచి 1996 వరకు జెనీవాలో సమగ్ర అణు పరీక్షల నిషేధ ఒప్పందంపై చర్చలు సాగాయి. అక్కడ రాయబారి అరుంధతీ ఘోష్ భారత్ వైఖరిని వినిపించారు. అణుశక్తి సంఘానికి అప్పట్లో అధ్యక్షుడు భౌతిక శాస్త్రవేత్త ఆర్.చిదంబరం. అప్పటి ముసాయిదా భారత్‌కు సమ్మతం కాదని 1996 జూన్ 20న ఘోష్ ప్రకటించారు. ఆ నిర్ణయంపై ఎవరి అభిప్రాయం ఏదైనా, పరీక్షలు ఆపితే దేశం శాస్త్రపరంగా ఏమి కోల్పోతుందన్న అంచనా లేకుండా అటువంటి వైఖరి తీసుకోవడం సాధ్యం కాదు.

భారత్–అమెరికా పౌర అణు ఒప్పందం మరింత స్పష్టమైన ఉదాహరణ. 2005 జులై 18 నాటి ఉమ్మడి ప్రకటన తరువాత, మన అణు కేంద్రాల్లో ఏవి పౌర అవసరాలవో, ఏవి వ్యూహాత్మకమైనవో విడదీయవలసి వచ్చింది. చర్చల్లో విదేశాంగ కార్యదర్శి శ్యామ్ శరణ్, అప్పట్లో సంయుక్త కార్యదర్శిగా ఉన్న నేటి విదేశాంగ మంత్రి ఎస్.జైశంకర్ వంటి దౌత్యవేత్తలు, అణుశక్తి శాఖ నుంచి రవి గ్రోవర్ వంటి శాస్త్రవేత్తలు కలిసి పనిచేశారు. కల్పాక్కంలోని ఫాస్ట్ బ్రీడర్ రియాక్టర్‌ను అంతర్జాతీయ తనిఖీల కిందకు తేవాలన్న ఒత్తిడి వచ్చినప్పుడు, అణుశక్తి సంఘం అధ్యక్షుడు అనిల్ కకోద్కర్ 2006 ఫిబ్రవరిలో బహిరంగంగానే వ్యతిరేకించారు. మార్చిలో ప్రకటించిన విభజన ప్రణాళికలో 22 రియాక్టర్లలో 14 తనిఖీల కిందకు వచ్చాయి. బ్రీడర్ బయటే ఉండిపోయింది. శాస్త్రవేత్తల అభ్యంతరం చర్చల బల్ల వరకు చేరినందువల్లే అది సాధ్యపడింది.

ఇక్కడ ఒక వ్యత్యాసం గమనించాలి. పై రెండు సందర్భాల్లోనూ శాఖలు సంక్షోభ సమయంలో ఒక్కటయ్యాయి. పని ముగియగానే ఎవరి చోటికి వారు వెళ్లిపోయారు. సంక్షోభం లేని రోజుల్లోనూ ఆ అనుభవాన్ని నిలిపి, తరువాతి తరానికి అందించే శాశ్వత మార్గం వేరు. అధికారులను ముందుగానే ఇతర శాఖలకు పంపి తీర్చిదిద్దడం ఆ మార్గాల్లో ఒకటి.

హైదరాబాద్ నుంచి చూస్తే

ఈ చర్చ ఢిల్లీకో, జెనీవాకో పరిమితమైనది కాదు. హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో కొన్ని విభాగాలు పై ఒప్పందం ఫలితంగా అంతర్జాతీయ అణుశక్తి సంస్థ పర్యవేక్షణలో ఉన్నాయి. డీఆర్‌డీవో క్షిపణి ప్రయోగశాలలు, భారత్ డైనమిక్స్, మిధాని ఇదే నగరంలో ఉన్నాయి. హైదరాబాద్ పరిసరాల్లోని పారిశ్రామిక వాడల నుంచి విశాఖ సమీపంలోని పరవాడ ఫార్మా సిటీ వరకు రసాయన, ఔషధ పరిశ్రమ విస్తరించి ఉంది.

రసాయనాల విషయంలో మంచికీ చెడుకూ మధ్య గీత చాలా సన్నన. ట్రైఇథనాలమిన్ సౌందర్య సాధనాల్లోనూ, సిమెంటు తయారీలోనూ వాడే పదార్థం. థయోడైగ్లైకాల్ సిరాలు, అద్దకపు రంగుల పరిశ్రమలో ఉపయోగపడుతుంది. ఈ రెండింటి నుంచీ మస్టర్డ్ తరహా విష వాయువులు తయారు చేయవచ్చు. అందుకే రెండూ రసాయన ఆయుధాల ఒప్పందం జాబితాల్లో ఉన్నాయి. ఇటువంటి ద్వంద్వ ప్రయోజన వస్తువుల ఎగుమతికి మన దేశంలో ‘స్కోమెట్’ జాబితా వర్తిస్తుంది. ముఖ్యమైన దరఖాస్తులను పలు శాఖల ప్రతినిధులున్న బృందం పరిశీలిస్తుంది.

ఆ బృందంలోని అధికారికి పరిశ్రమ తీరు తెలియకపోతే రెండు రకాల తప్పులు జరగవచ్చు. నిరపాయకరమైన ఎగుమతి నెలల తరబడి నిలిచిపోయి, చిన్న తయారీదారు ఆర్డరు పోగొట్టుకోవచ్చు. లేదా అనుమానించవలసిన కొనుగోలుదారు అధికారి కళ్లు కప్పి దాటిపోవచ్చు. మొదటి తప్పు ఖరీదు ఒక కర్మాగారం చెల్లిస్తుంది. రెండవ తప్పు జరిగితే ఎక్కడో ఒక ఊరు ప్రాణాలతో చెల్లించవలసి రావచ్చు. రసాయన శాస్త్రవేత్త కొంతకాలం లైసెన్సుల విభాగంలో, లైసెన్సుల అధికారి కొంతకాలం ప్రయోగశాలలోనో, ఓడరేవులోనో పనిచేయడం ఈ రెండు తప్పులనూ తగ్గిస్తుంది.

భారత్ 2016లో క్షిపణి సాంకేతిక నియంత్రణ వ్యవస్థలో, 2017లో వాసెనార్ ఏర్పాటులో, 2018లో ఆస్ట్రేలియా గ్రూపులో చేరింది. బ్రహ్మోస్ క్షిపణులను ఫిలిప్పీన్స్‌కు ఎగుమతి చేసే స్థాయికి ఎదిగింది. ఒకప్పుడు ఇతరులు మనపై విధించే ఆంక్షలను ఎదుర్కోవడం ప్రధాన పని. ఇప్పుడు మనమే ఇతరుల దరఖాస్తులను తూచి నిర్ణయించవలసి వస్తోంది. ఈ మార్పు నిపుణుల అవసరాన్ని పెంచింది.

అభ్యంతరాలూ బలమైనవే

సిబ్బంది మార్పిడిపై అభ్యంతరాలను తేలికగా కొట్టివేయలేము. మొదటిది, తరచు బదిలీలు నైపుణ్యాన్ని పెంచకపోగా హరిస్తాయన్నది. విషయం పట్టుబడేసరికే అధికారి కదిలిపోతే, ఫైలు మళ్లీ మొదటి పుట నుంచి మొదలవుతుంది. రసాయన ఆయుధాల నిషేధ సంస్థ దీనికి ఉదాహరణ. హేగ్‌లోని ఆ సంస్థలో సిబ్బంది సాధారణంగా ఏడేళ్లకు మించి కొనసాగరాదన్న నియమం ఉంది. కొత్త రక్తం రావాలన్నది ఆ నియమం ఉద్దేశం. అయితే అనుభవజ్ఞులైన తనిఖీ అధికారులు వెళ్లిపోతుంటే ఆ లోటు పూడ్చడం కష్టమవుతున్నందున కొన్ని మినహాయింపులు ఇవ్వవలసి వచ్చింది.

మన అనుభవంలోనూ దీనికి సాక్ష్యం ఉంది. విదేశాంగ శాఖలో నిరాయుధీకరణ విభాగాన్ని నెలకొల్పిన రాకేశ్ సూద్ 2000 సంవత్సరం చివరి వరకు ఎనిమిదేళ్లు దానికి నాయకత్వం వహించారు. రసాయన ఆయుధాల ఒప్పందం, పరీక్షల నిషేధ చర్చలు, 1998 అణు పరీక్షలు, ఆ తరువాతి దౌత్యం అన్నీ ఆ కాలంలోనే జరిగాయి. భౌతిక శాస్త్రం చదివిన ఆయన తరువాత జెనీవా నిరాయుధీకరణ సదస్సులో భారత రాయబారి అయ్యారు. ఒకే చోట అంతకాలం నిలిచి ఉండటం దౌత్య సర్వీసులో అరుదు. ఆ నిలకడ వల్ల కలిగిన మేలు కాదనలేనిది.

రెండవ అభ్యంతరం విధేయతకు సంబంధించినది. 1991లో ఇరాక్ ఆయుధాల తనిఖీకి ఐక్యరాజ్య సమితి నెలకొల్పిన ‘అన్‌స్కామ్’ బృందంలో అనేకులు తమ ప్రభుత్వాలు అరువిచ్చిన నిపుణులు. వారి నైపుణ్యం గొప్పదే. కానీ బృందం గూఢచర్యానికి ఉపయోగపడిందన్న ఆరోపణలు 1999 నాటికి దాని ప్రతిష్ఠను దెబ్బతీశాయి. ఆ తరువాత వచ్చిన ‘అన్‌మోవిక్’లో సిబ్బందిని ఐక్యరాజ్య సమితి ఉద్యోగులుగానే నియమించారు. అరువు మీద వచ్చిన అధికారి ఎవరికి జవాబుదారీ అన్న ప్రశ్న దేశంలోని శాఖల మధ్య కూడా తలెత్తుతుంది. మూడవది రహస్యాల రక్షణ. ఎక్కువ మంది ఎక్కువ శాఖల్లో తిరిగితే, రహస్యం తెలిసినవారి సంఖ్య పెరుగుతుంది.

మార్పిడి వేరు, బదిలీ వేరు

ఈ అభ్యంతరాలను పరిశీలిస్తే, అవి మార్పిడి అనే ఆలోచన కంటే దానిని అమలు చేసే తీరుకు సంబంధించినవని తెలుస్తుంది. బదిలీ అయిన అధికారి ఒక పనిని వదిలి మరొక పనిలోకి వెళతాడు. ఆయుధ నియంత్రణ రంగంలో కావలసిన మార్పిడిలో పని మారదు, కూర్చునే చోటు మాత్రమే మారుతుంది. దౌత్యవేత్త అణు కేంద్రానికి వెళ్లినా, శాస్త్రవేత్త విదేశాంగ శాఖకు వచ్చినా, ఇద్దరూ చూసేది ఒకే విషయాన్ని.

ఐఏఎస్ అధికారిగా జీవితం ప్రారంభించిన కె.సుబ్రహ్మణ్యం ఇందుకు మంచి నిదర్శనం. రక్షణ అధ్యయనాల సంస్థ డైరెక్టర్‌గా, సంయుక్త నిఘా కమిటీ అధ్యక్షుడిగా, రక్షణ ఉత్పత్తుల కార్యదర్శిగా ఆయన వేర్వేరు చోట్ల పనిచేశారు. 1999లో భారత అణు సిద్ధాంత ముసాయిదాను రూపొందించిన సలహా మండలికి సంచాలకుడిగా ఉన్నారు. పదవులు మారినా, జీవితమంతా ఆయన ఆలోచించింది జాతీయ భద్రత గురించే. అయితే అది ఒక వ్యక్తి పట్టుదల. వ్యవస్థ అటువంటి వారు తటస్థపడే వరకు ఎదురుచూస్తూ ఉండలేదు.

కనుక మార్పిడి ఫలించాలంటే కొన్ని షరతులు తప్పవు. కాలవ్యవధి విషయం పట్టుబడేంత దీర్ఘంగా ఉండాలి. వెళ్లిన అధికారి సీనియారిటీ సొంత శాఖలో చెక్కుచెదరకూడదు. తిరిగి వచ్చాక సంపాదించిన అనుభవం అక్కరకు వచ్చే కుర్చీలోనే కూర్చోబెట్టాలి. అన్నిటికీ మించి ప్రతి శాఖలోనూ కదలకుండా ఉండే కొందరు ఉండాలి. వచ్చి వెళ్లేవారు బయటి అనుభవాన్ని తెస్తే, స్థిరంగా ఉన్నవారు దానిని భద్రపరుస్తారు.

రానున్న చర్చలు మరింత కఠినమైనవి

ముందున్న సమస్యలు పాత శాఖల సరిహద్దుల్లో ఇమడవు. 1975లో అమలులోకి వచ్చిన జీవాయుధాల ఒప్పందానికి నేటికీ తనిఖీ వ్యవస్థ లేదు. ఎప్పటికైనా దానిని రూపొందించాలంటే టీకాల తయారీ తెలిసినవారు ఆ బల్ల వద్ద ఉండాలి. మనిషి ప్రమేయం లేకుండా లక్ష్యాన్ని ఎంచుకునే స్వయంచాలిత ఆయుధాలపై జెనీవాలో చర్చలు జరుగుతున్నాయి. 2017, 2018 సంవత్సరాల్లో ఆ నిపుణుల బృందానికి భారత రాయబారి అమన్‌దీప్ గిల్ అధ్యక్షత వహించారు. ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగ్ చదివి దౌత్య సర్వీసులో చేరిన ఆయన ఇప్పుడు ఐక్యరాజ్య సమితిలో సాంకేతిక వ్యవహారాల దూతగా ఉన్నారు. క్షిపణి సైలోలను ఉపగ్రహ చిత్రంలో లెక్కించవచ్చు. కంప్యూటర్ ప్రోగ్రామును ఎలా లెక్కించాలో ఇంకా ఎవరూ తేల్చలేదు.

ఒప్పందాలు రాజకీయ సంకల్పం ఉన్నప్పుడే కుదురుతాయి. ఆ సంకల్పం ఎప్పుడు కలుగుతుందో ఎవరూ ముందుగా చెప్పలేరు. కలిగినప్పుడు సమయం తక్కువగా ఉంటుంది. కెనెడీ, కృశ్చేవ్‌లు క్యూబా సంక్షోభం నుంచి బయటపడిన పది నెలలలోపే, 1963 ఆగస్టు 5న పాక్షిక అణు పరీక్షల నిషేధ ఒప్పందంపై మాస్కోలో సంతకాలు జరిగాయి. అది సాధ్యం కావడానికి కారణం, పరీక్షలను దూరం నుంచి ఎలా గుర్తించాలో ఇరుపక్షాల శాస్త్రవేత్తలు 1958లోనే జెనీవాలో కూర్చుని చర్చించి ఉండటం. అవకాశం వచ్చాక నిపుణులను వెతకడం మొదలుపెడితే, వారు దొరికేలోగా ఆ అవకాశం చేజారవచ్చు. ఒప్పందాలు లేని ఈ కాలంలోనే అధికారులను తీర్చిదిద్దుకోవడం ప్రభుత్వాల ముందున్న పని.